అంగుళాల ప్రోగ్రామును మిల్లీమీటర్లలోకి మార్చడం – సి.ఎన్.సి. లేత్ మీద థ్రెడ్ పని

వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాసి పంపమని సంపాదకవర్గం తమ్ముళ్ళు అడిగారు. హాస్టలు జ్ఞాపకాలు రాసేవాళ్ళు మన పూర్వ విద్యార్థుల్లో చాలామంది ఉన్నారు కాబట్టి, నేను చేసే పని గురించే రాస్తానన్నాను. మన హాస్టలు నుంచి ఏటా కొందరు పదో తరగతి అయ్యాక ఐ.టి.ఐ.లో టర్నర్, మెషినిస్ట్ ట్రేడుల్లోనో, పాలిటెక్నిక్‌లో మెకానికల్ బ్రాంచిలోనో చేరుతున్నారు. వాళ్ళు అప్రెంటిస్‌గా ఏ బాలానగర్‌కో, జీడిమెట్లకో, విశాఖ ఆటోనగర్‌కో వెళ్ళినప్పుడు తొందరలోనే ఎదురయ్యే పని ఒకటుంది. విదేశీ ఆర్డరుతోపాటు వచ్చిన పాత ప్రోగ్రాము అంగుళాల్లో ఉంటుంది. సూపర్‌వైజర్ గారు వచ్చి "దీన్ని ఎం.ఎం.లోకి మార్చి పెట్టు" అని చెప్పి వెళ్ళిపోతారు. ఇంటర్వ్యూల్లో కూడా ఇదే ప్రశ్న వేస్తుంటారు. "25.4తో గుణించాలి సార్" అని జవాబు చెప్పేవాళ్ళే ఎక్కువ. ఆ జవాబు సగమే నిజం. మిగతా సగం తెలియకపోతే ఇన్సర్ట్ విరుగుతుంది. ఒక్కోసారి ఏమీ విరగదు, అది ఇంకా నష్టం. వంద జాబులు చూడ్డానికి బాగా తయారై, బిగించే చోట ఎక్కకుండా తిరిగి వస్తాయి.

ఈ ట్రేడుతో సంబంధం లేని తమ్ముళ్ళు కూడా ఒక విషయం చూడవచ్చు. మన బాత్‌రూముల దగ్గర ఉన్న కుళాయిని "అరంగుళం కుళాయి" అంటాం. దాని వెనక భాగంలో ఉండే మరను వర్నియర్‌తో కొలిస్తే అరంగుళం, అంటే 12.7 మి.మీ. రాదు. దాదాపు 21 మి.మీ. వస్తుంది. ప్రమాణం ప్రకారం 20.955 మి.మీ. పూర్వం పైపు లోపలి రంధ్రాన్ని బట్టి పెట్టిన పేరు అది. పైపు తయారీ మారినా పేరు అలాగే మిగిలిపోయింది. అంగుళానికి 14 చుట్లు, మర కోణం 55 డిగ్రీలు. మన దేశం తూనికలు, కొలతల చట్టాన్ని 1956లో చేసుకుని మెట్రిక్ పద్ధతికి మారింది. 1957 ఏప్రిల్ 1 నుంచి నయా పైసలు వచ్చాయి. అయినా కుళాయి అంగుళాల్లోనే ఉంది. హార్డ్‌వేర్ షాపుకి వెళ్తే ఇప్పటికీ బోల్టు సైజును "నాలుగు సూత్‌లు" అని చెప్పేవాళ్ళు ఉన్నారు. ఒక సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. అంగుళాల థ్రెడ్ ఎక్కడో అమెరికాలో ఉందనుకోకండి, మనింట్లోనే ఉంది.

ఇప్పుడు అసలు విషయం. ప్రోగ్రామును మార్చడం వేరు, థ్రెడ్‌ను మార్చడం వేరు. ఈ రెండూ కలిపేసుకోవడం వల్లనే ఎక్కువ నష్టం జరుగుతుంది. అరంగుళం, 13 టి.పి.ఐ. యు.ఎన్.సి. బోల్టు తీసుకుందాం. టి.పి.ఐ. అంటే అంగుళం పొడవులో ఎన్ని చుట్లు ఉన్నాయన్న లెక్క. దాని బయటి వ్యాసం 12.7 మి.మీ., పిచ్ 25.4ను 13తో భాగిస్తే 1.953846 మి.మీ. ప్రోగ్రామును మిల్లీమీటర్లలో రాసినా ఆ బోల్టు ఇదే కొలతలతో రావాలి. "ఎం.ఎం.లోకి మార్చు" అన్నారు కదా అని దగ్గర్లో ఉన్న ఎం12 × 1.75 పెట్టేస్తే అది వేరే బోల్టు. వ్యాసం 12 మి.మీ., పిచ్ 1.75. కోణం మాత్రం రెండింటికీ 60 డిగ్రీలే, అందుకే కంటికి ఒకేలా కనబడతాయి. చిన్న సైజుల్లో ఇది ఇంకా మోసం చేస్తుంది. అమెరికా 10-32 స్క్రూ వ్యాసం 4.826 మి.మీ., పిచ్ 0.794. మన ఎం5 స్క్రూ వ్యాసం 5 మి.మీ., పిచ్ 0.8. ఒకదాని స్క్రూ రెండోదాని నట్‌లోకి వదులుగా ఎక్కుతుంది కూడా. ఎక్కింది కదా అని వదిలేస్తే, బలం పడ్డప్పుడు ఊడి వస్తుంది. కాబట్టి డ్రాయింగు మీద థ్రెడ్ పేరు మారనంత వరకు మనం మార్చేది కొలత భాష మాత్రమే. పూర్తయిన జాబ్‌ను అదే పాత గో, నోగో గేజీలతో చూడాలి, అదే ఇన్సర్ట్ వాడాలి. ఇన్సర్ట్ మీద 14 డబ్ల్యూ అనో, 13 యు.ఎన్. అనో ఉంటే ప్రోగ్రాము మి.మీ.లోకి వచ్చిందని దాన్ని మార్చకూడదు.

మర రకాలు ఇన్ని ఎందుకంటే, మొదట ఎవరి దారి వారిది. ఇంగ్లాండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో 55 డిగ్రీల మరను ప్రతిపాదించాడు. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీలన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకరి బోల్టు మరొకరి నట్‌కి పట్టక ఇబ్బందిపడి, 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి యూనిఫైడ్ థ్రెడ్ అని 60 డిగ్రీలకు ఒప్పుకున్నాయి. యు.ఎన్.సి., యు.ఎన్.ఎఫ్. పేర్లలో "యు.ఎన్." అదే. పైపు మరలు మాత్రం మన దగ్గర విట్‌వర్త్ దారిలోనే ఉండిపోయాయి. ఇక అంగుళమంటే సరిగ్గా 25.4 మి.మీ. అని ఇంగ్లిషు కొలతలు వాడే దేశాలు ఒప్పుకున్నది 1959లో. అంతకు ముందు అమెరికా అంగుళానికి, బ్రిటన్ అంగుళానికి వెంట్రుక వాసి కన్నా తక్కువే అయినా తేడా ఉండేది. ఇప్పుడు 25.4 అన్నది ఉజ్జాయింపు కాదు, నిర్వచనమే. దీనివల్ల మనకి గొప్ప సౌకర్యం: మార్పిడిలో వచ్చే తేడా అంతా మనం దశాంశాలు కత్తిరించడం వల్ల వచ్చేదే.

ఐ.టి.ఐ.లో మామూలు లేత్ మీద పనిచేసినవాళ్ళకి 127 పళ్ళ గేరు గుర్తుండే ఉంటుంది. 20 నుంచి 120 దాకా ఐదేసి పళ్ళ తేడాతో గేర్లుండి, పక్కన ఒంటరిగా 127 ఎందుకుంటుంది? 25.4ను ఐదుతో గుణిస్తే 127. లీడ్‌స్క్రూ అంగుళాల్లో ఉన్నప్పుడు మి.మీ. మర కోయాలంటే ఆ గేరు పెట్టాలి. అంగుళానికి 4 చుట్లున్న లీడ్‌స్క్రూతో 2 మి.మీ. పిచ్ కోయడానికి నడిపే గేరు 40, నడిచే గేరు 127. 127 ప్రధాన సంఖ్య కాబట్టి దాన్ని చిన్న గేర్లుగా విడగొట్టడం కుదరదు. సి.ఎన్.సి.లో ఆ గేరు కనబడదు, లెక్క మాత్రం కంట్రోలు లోపల అదే.

పదో తరగతి తమ్ముళ్ళకి ఇక్కడ ఒక చిన్న సంబంధం చూపిస్తాను. వాస్తవ సంఖ్యల పాఠంలో, హారంలో 2, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకాలు లేకపోతేనే దశాంశం అంతమవుతుందని చదువుతారు. ఎందుకు పనికొస్తుందీ పాఠం అని అడుగుతుంటారు కదా. అంగుళాల పిచ్‌ను మి.మీ.లోకి మార్చడమంటే 127ను చుట్ల సంఖ్యకు ఐదు రెట్లతో భాగించడం. 10 టి.పి.ఐ.కి 2.54, 20కి 1.27, 8కి 3.175, 16కి 1.5875. ఇవన్నీ చక్కగా ఆగిపోతాయి. 13కి 1.953846..., 14కి 1.814285..., 11కి 2.309090..., 19కి 1.336842... ఇవి ఎప్పటికీ ఆగవు. ఎక్కడో ఒకచోట మనమే కత్తిరించాలి. ఎక్కడ కత్తిరించామన్నదాని మీదే జాబ్ పాస్ అవుతుందా లేదా అన్నది ఉంటుంది. ఈ విషయానికి మళ్ళీ వస్తాను.

ముందు ప్రోగ్రాము చూద్దాం. ఫానక్ కంట్రోలు ఉన్న లేత్‌కి, అరంగుళం 13 టి.పి.ఐ. బయటి మర, పొడవు ఒకటీ ముప్పావు అంగుళం. (సంచిక అచ్చు కోసం అక్షరాలను తెలుగులో రాస్తున్నాను. మిషన్‌లో ఇంగ్లిషు పెద్ద అక్షరాలే కొట్టాలి.)

జి20
జి97 ఎస్600 ఎం03
టి0303
జి00 ఎక్స్0.7 జెడ్0.2
జి76 పి020060 క్యూ20 ఆర్0.001
జి76 ఎక్స్0.4056 జెడ్-1.75 పి472 క్యూ100 ఎఫ్0.076923

జి20 అంటే అంగుళాలు, జి21 అంటే మిల్లీమీటర్లు. జి76 అనేది మరను కొంచెం కొంచెంగా లోతు పెంచుతూ అనేక పాస్‌లలో కోసే సైకిల్. మొదటి జి76 వరసలో పి తర్వాత ఆరు అంకెలున్నాయి. వాటిని రెండేసి చొప్పున చదవాలి: 02 అంటే చివర్లో రెండు ఫినిషింగ్ పాస్‌లు, 00 అంటే మర చివర టూల్ ఏటవాలుగా బయటికి వచ్చే దూరం, 60 అంటే కోణం. క్యూ20 కనీస కోత లోతు. ఆర్ ఫినిషింగ్‌కి వదిలే మెటీరియల్. రెండో వరసలో ఎక్స్ మర అడుగు వ్యాసం, జెడ్ మర ముగిసే చోటు, పి మర ఎత్తు, క్యూ మొదటి పాస్ లోతు, ఎఫ్ లీడ్. మర ఎత్తును పిచ్ × 0.6134 చొప్పున తీశారు.

మార్చాక ఇలా ఉంటుంది.

జి21
జి97 ఎస్600 ఎం03
టి0303
జి00 ఎక్స్17.78 జెడ్5.08
జి76 పి020060 క్యూ51 ఆర్0.025
జి76 ఎక్స్10.302 జెడ్-44.45 పి1199 క్యూ254 ఎఫ్1.9538

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కొన్ని సంఖ్యలు అసలు మారలేదు. స్పిండిల్ నిమిషానికి 600 చుట్లు తిరుగుతుంది, చుట్టుకి అంగుళమూ లేదు, మిల్లీమీటరూ లేదు. టూల్ నంబరు మారదు. పి020060 మారదు: పాస్‌ల సంఖ్య లెక్క మాత్రమే, కోణం కోణమే, మధ్యలో ఉన్న రెండు అంకెలు లీడ్‌లో పదో వంతుల లెక్కన ఉంటాయి కాబట్టి లీడ్ మారితే దానితోపాటే మారతాయి. ఎక్స్, జెడ్, ఆర్ 25.4తో గుణించినవి. మరి పి472 ఎలా 1199 అయింది? 472 × 25.4 చేస్తే 11,989 రావాలి కదా!

కొత్తవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. జి76లో పి, క్యూలకు చాలా ఫానక్ కంట్రోళ్ళు దశాంశ బిందువు ఒప్పుకోవు. బిందువు లేని సంఖ్యను మిషన్ తన అతి చిన్న కొలతల లెక్కన చదువుతుంది. అంగుళాల్లో ఆ చిన్న కొలత 0.0001 అంగుళం. మి.మీ.లో 0.001 మి.మీ., అంటే ఒక మైక్రాన్. పి472 అంటే జి20లో 0.0472 అంగుళం. అదే పి472 జి21లో 0.472 మి.మీ. అవుతుంది. 0.0001 అంగుళం 2.54 మైక్రాన్లు కాబట్టి బిందువు లేని సంఖ్యను 2.54తో గుణించాలి. 472 × 2.54 = 1198.9, అంటే 1199. క్యూ100 అయితే 254. బిందువు ఉంటే 25.4, బిందువు లేకపోతే 2.54. ఇంటర్వ్యూలో ఈ ఒక్క ముక్క చెప్పినవాడు మిషన్ మీద పనిచేశాడని అడిగేవాళ్ళకి అర్థమవుతుంది.

ఎక్స్, జెడ్, ఎఫ్ మార్చి, పి472నీ క్యూ100నీ మరిచిపోతే ఏమవుతుందో చూద్దాం. చాలామంది "లోతు తక్కువ అవుతుంది" అనుకుంటారు. కాదు. చివరి లోతును నిర్ణయించేది ఎక్స్, అది సరిగ్గానే ఉంది. పి చెప్పేది, మర పైభాగం అడుగు నుంచి ఎంత ఎత్తులో ఉందో. కోత అక్కడి నుంచి మొదలవుతుంది. మిషన్ దృష్టిలో మర ఎత్తు 0.472 మి.మీ., మొదటి పాస్ 0.1 మి.మీ. కాబట్టి మొదటి పాస్‌లోనే టూల్ అడుగుకి 0.372 మి.మీ. దగ్గరకి వెళ్తుంది. కానీ బారు అసలు ఎత్తు 1.199. అంటే మొదటి పాస్‌లో 0.827 మి.మీ. లోతు కోయాలి, మనం ఉద్దేశించింది 0.254. మూడు రెట్లు దాటింది. స్టెయిన్‌లెస్ స్టీలు మీద అయితే ఇన్సర్ట్ ముక్కు అక్కడే పోతుంది. ఇత్తడి మీద అయితే కోసేస్తుంది కూడా, కాని మర మీద గీతలు పడి పక్కలు చిరిగినట్టు వస్తాయి. అప్పుడు అందరూ ఇన్సర్ట్ నాణ్యతనో, కూలెంటునో తప్పు పడతారు.

దీనితో పోలిస్తే జి20, జి21 తారుమారు అవడం తొందరగా బయటపడే తప్పు. మి.మీ. అంకెలుండి పైన జి20 ఉంటే ఎక్స్17.78 అంగుళాలని చదివి, చిన్న మిషన్లు ఓవర్ ట్రావెల్ అలారం ఇచ్చి ఆగిపోతాయి. దీనికి ఎదురుగా, అంగుళాల అంకెలు వదిలేసి జి21 మాత్రం పెడితే అలారం రాదు, అది ప్రమాదం. జి00 ఎక్స్0.7 జెడ్0.2 అంటే టూల్ పూర్తి వేగంతో వచ్చి బారు ముఖానికి 0.2 మి.మీ. దూరంలో, దాదాపు సెంటరు మీద నిలబడుతుంది. తర్వాతి వరస ఏమి చేస్తుందో చూడాలని ఎవరికీ ఉండదు.

ఇక పిచ్ దగ్గరికి వద్దాం. నేను పనిచేసిన ఒక షాపులో 13 టి.పి.ఐ. స్టడ్‌ల ప్రోగ్రామును మార్చినప్పుడు ఎఫ్1.95 అని పెట్టారు. రెండు దశాంశాలు చాలనుకున్నారు. రింగ్ గేజి ఎక్కింది, లాట్ వెళ్ళిపోయింది. కొనుగోలుదారు దగ్గర వాటిని పొడవాటి కప్లింగ్ నట్‌లో బిగిస్తే సగం దాకా చేత్తో తిరిగి, తర్వాత బిగుసుకుపోయాయి. లాట్ మొత్తం తిరిగొచ్చింది. ఆ రోజు షిఫ్టులో ఉన్నవాళ్ళందరినీ మేనేజర్ నిలబెట్టి అడిగితే, గేజి ఎక్కింది కదా సార్ అన్నదే అందరి జవాబు.

గేజి అబద్ధం చెప్పలేదు. పిచ్‌లో తేడా చుట్టుకి 0.0038 మి.మీ. గేజి మందంలో పట్టేది ఆరేడు చుట్లు. అన్నీ కలిపినా 0.027 మి.మీ. దాటదు, గేజిలో ఉన్న ఖాళీలో అది సర్దుకుపోతుంది. 44 మి.మీ. పొడవున్న నట్‌లో 23 చుట్లు పడతాయి. తేడా పేరుకుని 0.088 మి.మీ. అవుతుంది. 60 డిగ్రీల మరలో పొడవు తేడా 1.73 రెట్లయి వ్యాసం పెరిగినట్టు పనిచేస్తుంది. అంటే మర 0.15 మి.మీ. లావైనట్టే. ఈ సైజు 2ఎ తరగతి మరకి పిచ్ వ్యాసంలో ఇచ్చే మొత్తం టాలరెన్సే 0.127 మి.మీ. (0.005 అంగుళం). ఇక ఎక్కడ పడుతుంది? ఎఫ్1.954 అని రాసి ఉంటే 23 చుట్లకి తేడా 0.004 మి.మీ. కన్నా తక్కువ. ఎఫ్1.9538 అయితే ఒక మైక్రాన్. నాలుగో దశాంశం దాకా రాయడానికి డబ్బు ఖర్చు కాదు. కంట్రోలు ఎన్ని దశాంశాలు తీసుకుంటే అన్నీ రాయాలన్నది నా అభిప్రాయం. కొన్ని పాత కంట్రోళ్ళలో ఎఫ్‌కి బదులు ఇ అనే అక్షరంతో ఎక్కువ దశాంశాల పిచ్ ఇచ్చేవారు, మరికొన్నిట్లో అదే ఇ తర్వాత టి.పి.ఐ. సంఖ్యనే రాస్తారు. పాత ప్రోగ్రాములో ఇ కనబడితే ఆ మిషన్ మాన్యువల్ తెరిచి చూశాకే ముట్టుకోండి. రెండు స్టార్టుల మర అయితే ఎఫ్ దగ్గర పిచ్ కాదు, దానికి రెట్టింపు ఉండే లీడ్ రావాలి.

థ్రెడ్ వరసలు సరిచేసి మిగతా ప్రోగ్రామును మరిచిపోకూడదు. అదే ప్రోగ్రాములో టర్నింగ్ కూడా ఉంటుంది. అక్కడ ఫీడ్ ఎఫ్0.008 ఉంటే మి.మీ.లో సుమారు 0.2. జి96 ఎస్400 అని ఉంటే జాగ్రత్త. జి96లో ఎస్ అంటే కోత వేగం, జి20లో అది నిమిషానికి అడుగులు, జి21లో నిమిషానికి మీటర్లు. 400 అడుగులంటే 122 మీటర్లు. ఇక్కడ 25.4 పనికిరాదు, 0.3048తో గుణించాలి. మార్చకుండా వదిలితే స్పిండిల్ మూడు రెట్ల వేగం అందుకోబోయి, జి50లో పెట్టిన గరిష్ఠ చుట్ల దగ్గర ఆగుతుంది. జి50 కూడా రాయకపోతే చక్‌లో బారు ఎలా పట్టి ఉందో దేవుడికే తెలియాలి. జి50 ఎస్ మాత్రం చుట్ల లెక్క, దాన్ని మార్చకూడదు. సబ్ ప్రోగ్రాములుంటే వాటిని కూడా తెరిచి మార్చాలి.

సగం మర కోసిన జాబ్‌లు చేతిలో ఉంటే ఇంకో చిక్కు. జెడ్5.08ని గుండ్రంగా 5 చేస్తే కొత్త జాబ్‌కి ఏ నష్టమూ లేదు, టూల్ వేగం అందుకోవడానికి రెండు మూడు పిచ్‌ల దూరం ఉంటే చాలు. కానీ అంగుళాల ప్రోగ్రాముతో కోసిన జాబ్‌ను చక్‌లోంచి తీయకుండా అదే మర మీద మళ్ళీ పాస్ వేయాలంటే మొదలయ్యే చోటు మారితే మర పక్కకి జరుగుతుంది. 0.08 మి.మీ. జరిగినా ఒక పక్క గోడ చెక్కేస్తుంది. స్పిండిల్ చుట్లు మార్చినా అదే జరుగుతుంది. అలాంటప్పుడు 5.08 అలాగే ఉంచాలి.

ఇక మిషన్ సంగతి. ఫానక్‌లో జి20, జి21 ప్రోగ్రాము మొదట్లో, విడిగా ఒక వరసలో రాయాలి. మధ్యలో మార్చకూడదు. కరెంటు పోయి వచ్చినా ఇంతకు ముందు ఏది నడిచిందో అదే ఉంటుంది. పై షిఫ్టువాళ్ళు ఏది వదిలి వెళ్ళారో మనకి తెలియదు కాబట్టి ప్రతి ప్రోగ్రాములోనూ రాసి తీరాలి. కొలత మారినప్పుడు టూల్ ఆఫ్‌సెట్లు తమంతట తామే మారతాయా అన్నది మిషన్‌లో పెట్టిన పారామీటరును బట్టి ఉంటుంది. కొన్నిట్లో సరిగ్గా మారతాయి, కొన్నిట్లో అంకెలు అలాగే ఉండి బిందువు స్థానం మాత్రం జరుగుతుంది. జి21 నడిపాక ఆఫ్‌సెట్ పేజీ తెరిచి, ఒక టూల్‌ను ముఖానికి తాకించి చూడనిదే సైకిల్ స్టార్ట్ నొక్కకండి. వేర్ ఆఫ్‌సెట్‌లో ఉన్న 0.005ని ముఖ్యంగా చూడాలి. అంగుళాల్లో అది 0.127 మి.మీ., మర వదులో బిగువో తేల్చేసేంత. హాస్ మిషన్లలో ఈ ఎంపికను సెట్టింగ్ 9లో చేస్తారు, ప్రోగ్రాములోని జి20, జి21 ఆ సెట్టింగ్‌తో సరిపోతోందో లేదో చూడటానికే. సీమెన్స్‌లో జి70 అంగుళాలు, జి71 మి.మీ. అదే జి71 మామూలు ఫానక్ లేత్‌లో రఫ్ టర్నింగ్ సైకిల్! ఒక మిషన్ అలవాటుతో మరో మిషన్ దగ్గర చెయ్యి పెట్టకూడదన్నది ఇందుకే.

కొలతల మధ్య పొరపాటు మన షాపుల్లోనే జరుగుతుందని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. 1999 సెప్టెంబరులో అమెరికా వాళ్ళ మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక అంగారకుడి దగ్గర నాశనమైంది. ఒక జట్టు సాఫ్ట్‌వేర్ ఇంగ్లిషు కొలతల్లో అంకెలు ఇస్తే, మరో జట్టు వాటిని మెట్రిక్ అంకెలని వాడుకుంది. అక్కడా అలారం రాలేదు.

అసలు మార్చడం అవసరమా అన్నది కూడా అడగాలి. పది జాబ్‌ల చిన్న ఆర్డరు, గేజీలు ఉన్నాయి, మిషన్ జి20ని ఒప్పుకుంటుంది అంటే ప్రోగ్రామును అలాగే నడపడమే మంచిదని నా ఉద్దేశం. మార్చినప్పుడల్లా తప్పుకి అవకాశమిస్తున్నట్టే. ఆ ఆర్డరు ఏడాది పొడవునా వస్తుందనుకుంటే, మూడు షిఫ్టుల్లోనూ మి.మీ. మైక్రోమీటరు చదివేవాళ్ళే ఉంటే, అప్పుడు మార్చాలి. మైక్రోమీటరు మీద 10.30 చూసి ఆఫ్‌సెట్‌లో అంగుళాలు కొట్టడం అర్ధరాత్రి షిఫ్టులో ఎవరికీ కుదిరే పని కాదు.

ఇంకో ఉదాహరణ మన కుళాయి మీదే చేసి చూడండి. జి½ సమాంతర పైపు మర, అంగుళాల ప్రోగ్రాములో ఎక్స్0.7335, పి457, ఎఫ్0.071429, కోణం 55. బయటి వ్యాసం 0.825 అంగుళం. ఎక్స్ 18.631 వస్తుంది, ప్రమాణంలో ఉన్న అడుగు వ్యాసం అదే. ఎఫ్ 1.8143. పి457ని 2.54తో గుణిస్తే 1161 వస్తుంది, ప్రమాణం పట్టికలో 1.162 ఉంటుంది. ఆ ఒక్క మైక్రాన్ పోయింది అంగుళాల్లో 0.0457 దగ్గర ముందే కత్తిరించడం వల్ల. అందుకే పట్టిక దొరికినప్పుడు పాత ప్రోగ్రాము అంకెను గుణించడం కన్నా, పిచ్ నుంచి కొత్తగా లెక్క కట్టడం మేలు. విట్‌వర్త్ మరకి ఎత్తు పిచ్ × 0.6403, యు.ఎన్. మరకి వాడిన 0.6134 కాదు.

జి.ఐ. పైపు చివర ఉండే మర ఏటవాలుగా, 16కి 1 చొప్పున వ్యాసం పెరుగుతూ ఉంటుంది. అక్కడ రెండో జి76 వరసలో ఆర్ కూడా వస్తుంది. అది టూల్ మొదలైన చోటు నుంచి ముగిసే చోటు దాకా వ్యాసార్ధంలో తేడా, అంటే ఆ పొడవులో 32వ వంతు. 0.75 అంగుళం ప్రయాణానికి ఆర్-0.0234 ఉంటే, మి.మీ.లో 19.05ని 32తో భాగించి ఆర్-0.595. మొదలయ్యే జెడ్‌ను మీరు 5 నుంచి 8కి మార్చుకుంటే ప్రయాణం పెరిగింది కాబట్టి ఆర్‌ను మళ్ళీ లెక్క కట్టాలి. ఏటవాలు అదే ఉంటుంది, ఆర్ అంకె మాత్రం మారుతుంది.

మార్చిన ప్రోగ్రామును పాతదాని మీద సేవ్ చేయకుండా కొత్త నంబరు ఇవ్వండి, మొదటి వరసలో బ్రాకెట్‌లో "మి.మీ." అని, థ్రెడ్ అసలు పేరు, తేదీ రాయండి. మొదటిసారి నడిపేటప్పుడు బారు లేకుండా, లేదా జెడ్ ఆఫ్‌సెట్‌ను 100 మి.మీ. బయటికి జరిపి సింగిల్ బ్లాక్‌లో నడపండి. ప్రతి వరసకీ తెర మీద మిగిలిన దూరం చూడండి, అది 25 రెట్లు ఎక్కువో తక్కువో ఉంటే కంటికి వెంటనే తెలుస్తుంది. తర్వాత బారు పెట్టి, వేర్ ఆఫ్‌సెట్‌లో వ్యాసాన్ని పెంచుకుని, బారు పైన టూల్ గీత మాత్రం పడేలా ఒక పాస్ వేయండి. పిచ్ గేజిని, అంటే డ్రాయింగులో ఉన్న 13 టి.పి.ఐ. గేజిని ఆ గీతల మీద పెట్టండి. గేజి దొరక్కపోతే స్కేలు పెట్టి ఒక అంగుళంలో గీతలు లెక్కపెట్టండి. పదమూడు ఉంటే ఆఫ్‌సెట్ వెనక్కి తెచ్చి మర కోయండి. గో గేజి ఎక్కాక, ఆ జాబ్ వెళ్ళి బిగిసే నట్ ఎంత పొడవుంటుందో డ్రాయింగులో చూసి, అంత పొడవున్న నట్‌ను ఒకసారి చివరిదాకా చేత్తో తిప్పి చూశాకే రెండో జాబ్ చక్‌లో పెట్టండి.